నమ్మకానికి దస్తావేజు తోడు కావాలి

విజయనగరం జిల్లా భోగాపురంలో విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. దానికి కొద్ది రోజుల ముందే, అదే ఏడాది ఏప్రిల్‌లో, శ్రీకాకుళం జిల్లా మూలపేటలో ఓడరేవుకు పునాదిరాయి పడింది. ఈ రెండింటి నడుమ జాతీయ రహదారి పొడవునా లేఅవుట్ల బోర్డులు వెలిశాయి. భూమి ధర పెరిగే చోట భూమిని కొనేవారితో పాటు మరో తరగతి మనుషులు కూడా తయారవుతారు. వీరు భూమి కొనరు. కొని అమ్మేవారికి డబ్బు ఇస్తారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన వెల్డరు, భర్త పోయాక వచ్చిన బీమా సొమ్మును ఎక్కడ దాచుకోవాలో తెలియని వితంతువు ఈ తరగతిలో ఉంటారు. ‘నూటికి రెండు రూపాయలు ఇస్తాను, వెంచరు అమ్ముడు కాగానే అసలు తిరిగి ఇస్తాను’ అన్న మాట మీద జీవితకాలపు పొదుపు చేతులు మారుతుంది. ఆ మాటకు ఆధారంగా ఉండేది ఒక ప్రోనోటు, లేదా ఒక ఖాళీ చెక్కు. కొన్నిసార్లు అదీ ఉండదు.

ఉత్తరాంధ్రలో ముస్లింలు సంఖ్యలో బహు స్వల్పం. 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండింటిలోనూ మన జనాభా ఒక శాతం లోపే. ఇంత చిన్న సమాజంలో అందరికీ అందరూ తెలుసు. ఒకే మస్జిదులో నమాజు చేస్తాం, ఒకరి ఇంటి పిల్లను మరొకరి ఇంటికి ఇచ్చుకుంటాం. కాబట్టి కాగితం అడగడం అవమానమనే భావన మనలో బలంగా నాటుకుపోయింది. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఆ భావన గురించే. భూవ్యాపారికి సొంత డబ్బు అప్పుగా ఇవ్వడాన్ని చట్టం నిషేధించలేదు. కానీ చట్టం కాపాడేది దస్తావేజు ఉన్న అప్పును మాత్రమే. దస్తావేజు లేని నమ్మకం కోర్టు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

అప్పు వేరు, డిపాజిట్ వేరు

ముందుగా తెలుసుకోవలసిన గీత ఒకటి ఉంది. ఒక వ్యక్తి తనకు తెలిసిన మరొక వ్యక్తికి తన సొమ్ము అప్పుగా ఇస్తే అది ఒప్పందం. అదే వ్యాపారి పదిమంది దగ్గర, వందమంది దగ్గర ‘తిరిగి ఇస్తాను, పైన లాభం ఇస్తాను’ అంటూ వ్యాపారంగా డబ్బు సేకరిస్తే అది డిపాజిట్ పథకం అవుతుంది. అనుమతి లేని అటువంటి పథకాలను 2019లో పార్లమెంటు ఆమోదించిన ‘క్రమబద్ధీకరణ లేని డిపాజిట్ పథకాల నిషేధ చట్టం’ పూర్తిగా నిషేధించింది. ప్రచారం చేసి డబ్బు పెట్టమన్నవారికి ఏడాది నుంచి అయిదేళ్లు, డబ్బు తీసుకున్నవారికి రెండేళ్ల నుంచి ఏడేళ్లు, తీసుకుని మోసపూరితంగా ఎగవేసినవారికి మూడేళ్ల నుంచి పదేళ్లు జైలుశిక్ష ఉంది. దీనికన్నా ఇరవై ఏళ్ల ముందే, 1999లో, ఆంధ్రప్రదేశ్ తన సొంత డిపాజిటర్ల రక్షణ చట్టాన్ని చేసుకుంది. రిజర్వు బ్యాంకు చట్టంలోని 45ఎస్ సెక్షను ప్రకారం ఆర్థిక వ్యాపారం చేసే వ్యక్తి గాని, భాగస్వామ్య సంస్థ గాని బంధువులు కాని వారి నుంచి డిపాజిట్లు తీసుకోకూడదు.

వ్యాపారి పేరు చివర ‘ప్రైవేట్ లిమిటెడ్’ అని ఉంటే నియమం ఇంకా కఠినం. 2013 కంపెనీల చట్టం ప్రకారం డైరెక్టరు గాని, వాటాదారు గాని కాని వ్యక్తి నుంచి ప్రైవేటు కంపెనీ తీసుకునే అప్పు సాధారణంగా డిపాజిట్ కిందికే వస్తుంది. అటువంటి కంపెనీ మీ దగ్గర అప్పు అడుగుతోందంటే, ఆ అడగడమే నియమ విరుద్ధం కావచ్చు. ఇక ఫోన్లలో కనిపించే యాప్‌ల సంగతి. వ్యక్తుల నుంచి వ్యక్తులకు అప్పులు ఇప్పించే వేదికలకు రిజర్వు బ్యాంకు 2017 అక్టోబరులో నిబంధనలు పెట్టింది. అన్ని వేదికలూ కలిపి ఒక వ్యక్తి 50 లక్షల రూపాయలకు మించి ఇవ్వకూడదు. ఒకే రుణగ్రహీతకు 50 వేలకు మించి ఇవ్వకూడదు. అంతకన్నా ముఖ్యంగా, ఆ వేదికలపై తాకట్టుతో కూడిన అప్పులకు అనుమతే లేదు. కాబట్టి ఆ తరహా యాప్ ‘స్థలం హామీతో అప్పు ఇప్పిస్తాం’ అంటే అక్కడే అనుమానించాలి.

గీత ఎందుకు గుర్తుంచుకోవాలంటే, డబ్బు ఇచ్చే మనిషి దానిని తనకు తెలిసినవాడికి ఇచ్చిన చేబదులుగానే చూస్తాడు. అవతల మాత్రం అది వందమంది సొమ్ము కలిసిన చెరువు. చెరువు ఎండిన రోజున తన నీళ్లు ఏవో ఎవరూ చూపించలేరు.

అగ్రిగోల్డ్ నేర్పిన పాఠం

దీనికి మనకళ్ల ముందున్న ఉదాహరణ అగ్రిగోల్డ్. 1995లో విజయవాడ కేంద్రంగా పుట్టిన ఆ సంస్థ, వాయిదాల మీద డబ్బు కడితే గడువు చివర స్థలం గాని, సొమ్ము గాని ఇస్తామని చెప్పి ఏజెంట్ల ద్వారా ఊరూరా తిరిగింది. 2014 చివరికి చెల్లింపులు ఆగిపోయాయి. పలు రాష్ట్రాల్లో సుమారు 32 లక్షల మంది నుంచి 6,380 కోట్ల రూపాయల వరకు వసూలైనట్టు దర్యాప్తు సంస్థలు లెక్కకట్టాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కూలీలు, చిరువ్యాపారులు, టీ దుకాణాలవారు వేల సంఖ్యలో ఇందులో చిక్కుకున్నారు. 2019 నవంబరులో 10 వేల రూపాయల లోపు, 2021 ఆగస్టులో 20 వేల లోపు కట్టినవారికి రాష్ట్ర ప్రభుత్వం ఖజానా నుంచి సొమ్ము చెల్లించింది. అంతకు మించి కట్టినవారు ఏళ్ల తరబడి ఎదురుచూశారు.

ఈ ఉదంతంలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆ సంస్థకు భూములు లేకపోలేదు. అనేక జిల్లాల్లో, పక్క రాష్ట్రాల్లో కూడా ఉన్నాయి. ప్రభుత్వాలు, ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ వాటిని జప్తు చేశాయి. కానీ డబ్బు కట్టిన కూలీకి ఆ వేల ఎకరాల్లో ఒక్క సెంటు మీద కూడా తన పేరిట తనఖా హక్కు లేదు. చేతిలో ఉన్నది రసీదు, బాండు పేపరు. తనఖా రాయించుకున్నవాడు ఆ ఆస్తి నుంచి తన బాకీని ముందుగా రాబట్టుకోగలడు. రసీదు మాత్రమే ఉన్నవాడు వరుసలో చివర నిలబడాలి. 2019 చట్టం డిపాజిటర్ల బాకీలకు ప్రాధాన్యం ఇచ్చింది నిజమే. కానీ బ్యాంకుల తాకట్టు వసూళ్ల చట్టానికీ, దివాలా స్మృతికీ లోబడే ఆ ప్రాధాన్యం ఉంటుంది.

‘లాభం’ అనే మాటకు చట్టంలో చిరునామా ఏది?

ముస్లిం పాఠకులకు ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు ఉంది. వడ్డీ మనకు నిషిద్ధం. అందువల్ల మనలో చాలామంది అప్పును అప్పు అనరు, ‘పెట్టుబడి’ అంటారు. వడ్డీని వడ్డీ అనరు, ‘లాభం’ అంటారు. ఈ మాటల మార్పును కొందరు బాగా వాడుకున్నారు. హైదరాబాదు కేంద్రంగా నడిచిన హీరా గ్రూపు వడ్డీ లేని హలాల్ వ్యాపారం పేరుతో దేశవ్యాప్తంగా సొమ్ము సేకరించింది. ఏడాదికి 36 శాతం దాకా ప్రతిఫలం ఆశ చూపిందన్నది దర్యాప్తు సంస్థల ఆరోపణ. 2018 అక్టోబరులో దాని అధినేత్రి అరెస్టయ్యారు. నేరం తేల్చవలసింది న్యాయస్థానాలే. ఆ మరుసటి ఏడాది జూన్‌లో బెంగళూరులో ఐఎంఏ కుప్పకూలింది. అక్కడా అదే హలాల్ ముద్ర, అక్కడా నష్టపోయినవారిలో అత్యధికులు ముస్లింలే. ఏడాదికి 36 శాతం అంటే మన ఊళ్ల లెక్కలో నూటికి మూడు రూపాయలు. ఆ రేటును వడ్డీ వ్యాపారి అడిగితే దోపిడీ అంటాం, ‘లాభం’ అని ఎవరైనా ఇస్తామంటే బరకత్ అనుకుంటాం!

చట్టం దృష్టిలో మీ సొమ్ముకు రెండే చిరునామాలు ఉన్నాయి. అది అప్పు కావాలి, లేదా వాటా కావాలి. అప్పైతే అసలు తిరిగి రావాలి, నష్టంతో మీకు పనిలేదు. వాటా అయితే లాభంతో పాటు నష్టంలోనూ పాలు పంచుకోవాలి. 1932 భాగస్వామ్య చట్టం ఈ విషయంలో సూటిగా ఉంది. వ్యాపారికి డబ్బు ఇచ్చి లాభంలో భాగం పుచ్చుకున్నంత మాత్రాన ఎవరూ భాగస్వామి కారని ఆరో సెక్షను చెబుతుంది. భాగస్వామ్య సంస్థను రిజిస్టరు చేయించకపోతే సంస్థ మీద గాని, తోటి భాగస్వామి మీద గాని ఒప్పందపు హక్కుల కోసం దావా వేయడానికి వీలులేదని 69వ సెక్షను చెబుతుంది. సంస్థను రద్దు చేయమనో, లెక్కలు తేల్చమనో మాత్రమే కోరవచ్చు.

అంటే ‘నెలనెలా లాభం ఇస్తాను, అసలుకు ఢోకా లేదు’ అన్న మాట షరీఅత్‌లోనూ నిలవదు, చట్టంలోనూ నిలవదు. నష్టం పంచుకోని లాభం షరీఅత్ దృష్టిలో వడ్డీకి మరో పేరు. అది అప్పు అని ఎక్కడా రాసుకోలేదు కాబట్టి చట్టం దృష్టిలో దానిని రాబట్టుకునే దారీ కష్టమే. వడ్డీ అనే మాటను తప్పించుకోవాలని చూసి మనం పోగొట్టుకున్నది చట్టపు రక్షణను.

తనఖా అంటే ఏమిటి, ఏది కాదు

భూమి హామీగా అప్పు ఇవ్వదలచుకున్నవారికి 1882 ఆస్తి బదిలీ చట్టం దారి చూపిస్తుంది. అప్పు 100 రూపాయలు గాని, అంతకు మించి గాని ఉంటే సాధారణ తనఖాను రాతపూర్వకంగా రాసి, ఆస్తిదారు సంతకం చేసి, కనీసం ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టి, రిజిస్టరు చేయించాలి. ఇది 59వ సెక్షను. ఈ నాలుగింటిలో ఏది లోపించినా భూమి మీద హక్కు పుట్టదు, మిగిలేది మనిషి మీద బాకీ మాత్రమే. రిజిస్టరు అయిన తనఖా ఈసీలో కనిపిస్తుంది. ఆ తరువాత ఆ స్థలాన్ని ఎవరు కొన్నా మీ బాకీకి లోబడే కొంటారు.

మన జిల్లాల్లో వాడుకలో ఉన్న మిగతా పద్ధతులు దీనికి సాటిరావు. అసలు దస్తావేజులు తెచ్చి చేతిలో పెట్టే పద్ధతి చెల్లుతుంది గాని, ప్రభుత్వం నోటిఫై చేసిన పట్టణాల్లో అప్పగించినప్పుడే. భూమి ఎక్కడ ఉన్నదన్నది కాదు, కాగితాలు ఎక్కడ చేతులు మారాయన్నదే ముఖ్యం. ఒక పల్లెలో, ఇంటి అరుగు మీద ఇచ్చిపుచ్చుకున్న కాగితాలు తనఖా కావు. అప్పుకు హామీగా విక్రయ అగ్రిమెంటు రాయించుకోవడం మరో అలవాటు. రేపు కోర్టులో అది అమ్మకమా, అప్పా అన్న వివాదమే మొదట వస్తుంది. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ కాగితంతో స్థిరాస్తి హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చిచెప్పింది.

ఇంకొక పద్ధతి ముస్లింలకు చరిత్రలో సుపరిచితం. ఆస్తిని అమ్మినట్టు రాసి, డబ్బు తిరిగి ఇస్తే తిరిగి రాసిచ్చే షరతు పెట్టడం. ఫిఖ్‌హ్‌లో దీనిని ‘బై బిల్ వఫా’ అన్నారు. ఈస్టిండియా కంపెనీ కాలపు బెంగాల్ నిబంధనల్లోకి కూడా ఈ పేరు ఎక్కింది. ఆస్తి బదిలీ చట్టం దీనిని షరతుతో కూడిన విక్రయ తనఖాగా గుర్తించింది. కానీ 1929 సవరణ తరువాత, ఆ షరతు అదే దస్తావేజులో ఉంటేనే అది తనఖా. తిరిగి అమ్ముతానన్న మాట వేరే కాగితంలో రాస్తే అసలు పత్రం అమ్మకంగానే నిలుస్తుంది. అవసరానికి ఇల్లు కుదువ పెట్టిన ఎందరో పేదలు ఈ తేడా తెలియక ఇల్లు పోగొట్టుకున్నారు.

కాబట్టి ఈ నియమాలు అప్పిచ్చేవారి కోసమే కావు, తీసుకునేవారి కోసం కూడా. తనఖా పెట్టినవారికి బాకీ తీర్చి ఆస్తి విడిపించుకునే హక్కు 60వ సెక్షను ఇచ్చింది. ‘ఫలానా తేదీలోగా కట్టకపోతే ఇల్లు నాదే’ అని తనఖా పత్రంలో రాయించుకున్నా ఆ షరతు చెల్లదు. స్వాధీనపు తనఖాలో భూమిని అనుభవిస్తున్నవారు ‘ముప్పై ఏళ్లు దాటాయి కాబట్టి నాది అయిపోయింది’ అనడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2014లో సింగ్ రామ్ కేసులో చెప్పింది. స్వాధీనపు తనఖా విషయంలో మనకు మరో జాగ్రత్త కూడా అవసరం. అప్పుకు బదులుగా ఆ పొలం పంటను, ఆ ఇంటి అద్దెను అనుభవించడం వడ్డీ వంటిదేనని ఎందరో ఉలమాలు అభిప్రాయపడ్డారు. ఇక అప్పిచ్చినవారు బాకీదారు ఇంటికి తాళం వేయడం, సామాను బయట పడేయడం నేరమవుతుంది. బ్యాంకులకు ఉన్న నేరుగా స్వాధీనం చేసుకునే అధికారం వ్యక్తులకు లేదు. సివిల్ కోర్టులో దావా వేసి, డిక్రీ పొంది, కోర్టు ద్వారానే ఆస్తిని అమ్మించాలి.

హామీగా పనికిరాని భూములు

దస్తావేజు రిజిస్టరు అయినంత మాత్రాన భద్రత వచ్చినట్టు కాదు. కొన్ని భూముల మీద అప్పిస్తే హామీ సున్నా. వాటిలో మొదటిది వక్ఫ్ భూమి. 1995 వక్ఫ్ చట్టానికి 2013లో చేసిన సవరణ ప్రకారం వక్ఫ్ ఆస్తి విక్రయం, దానం, మార్పిడి, తనఖా అన్నీ ఆదిలోనే చెల్లనివి. కుతుబ్‌షాహీల కాలం నుంచి చికాకోల్ సర్కారుకు కేంద్రంగా ఉన్న ఈ ప్రాంతంలో మస్జిదులకు, దర్గాలకు, ఖబరస్తాన్లకు చెందిన ఇనాం భూములు ఉన్నాయి. కాలక్రమంలో ఎవరి పేరో అడంగల్‌లో ఎక్కినంత మాత్రాన ఆ భూమి స్వభావం మారదు.

రెండవది ప్రభుత్వం పేదలకిచ్చిన డీ పట్టా భూమి. 1977 చట్టం దాని బదిలీని నిషేధించింది. 2023 సవరణ 20 ఏళ్లు దాటిన కొన్ని భూములకు సడలింపు ఇచ్చినా, అది అన్ని భూములకూ ఒకేలా వర్తించదు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో 22ఏ నిషేధిత జాబితాను చూడకుండా ముందుకు వెళ్లకూడదు.

మూడవది ఏజెన్సీ భూమి. పార్వతీపురం మన్యం జిల్లాలోని షెడ్యూల్డు గ్రామాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదని 1959 నాటి నిబంధన చెబుతుంది. 1970 సవరణ దానిని ఇంకా బిగించింది. అక్కడ బదిలీ అంటే అమ్మకమే కాదు, తనఖా కూడా. ఏజెన్సీలో వడ్డీ వ్యాపారాన్ని 1960 నాటి మరొక నిబంధన లైసెన్సుతో కట్టడి చేసింది. అప్పు పేరుతో గిరిజనుల భూమి షావుకార్ల పాలైన చరిత్ర శ్రీకాకుళం కొండలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆ చరిత్రలో మన పేరు చేరకూడదు.

నాలుగవది మన ఇళ్లలోనే ఉంది. తండ్రి పోయాక ఆస్తి పెద్ద కొడుకు పేరున ఉన్నా, ముస్లిం వారసత్వ చట్టం ప్రకారం ప్రతి వారసుడికీ తన వాటా ఆ క్షణమే స్థిరపడుతుంది. పెద్దన్న పెట్టిన తనఖా అతని వాటాకే పరిమితం. చెల్లెళ్ల వాటాను, తల్లి వాటాను అది తాకదు. మైనరు పిల్లల స్థిరాస్తిని తల్లి గాని, అన్న గాని కోర్టు అనుమతి లేకుండా తాకట్టు పెట్టినా చెల్లదని ప్రివీ కౌన్సిల్ 1918లోనే తీర్పిచ్చింది. కాబట్టి అప్పిచ్చేవారు ఆడపిల్లల సంతకాలు కూడా అడగాలి. ఇలా అడగడం వల్ల సోదరీమణుల హక్కు కూడా కాగితం మీదికి వస్తుంది. అది అదనపు మేలు.

రెరా, నగదు, గడువు

రెరా ఉంది కదా అనే ధీమా మరొకటి. 2016 నాటి ఆ చట్టం 500 చదరపు మీటర్లు మించిన లేదా ఎనిమిది ఫ్లాట్లు మించిన ప్రాజెక్టులను రిజిస్టరు చేయించమంటుంది. కొనుగోలుదారుల నుంచి వచ్చే సొమ్ములో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచమంటుంది. రిజిస్టరు అయిన ఒప్పందం లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోవద్దంటుంది. ఇవన్నీ ప్లాటు కొనేవారి కోసం. వ్యాపారికి అప్పిచ్చినవారు కొనుగోలుదారులు కారు. ‘ప్లాటు రాసిస్తాను, ఏడాది తరువాత ఎక్కువ ధరకు నేనే తిరిగి కొంటాను’ అనే ఒప్పందాలు కూడా ఇప్పుడు ఎక్కువయ్యాయి. ఇటువంటి హామీ లాభపు ఒప్పందాలు చేసుకున్నవారు నిజమైన గృహ కొనుగోలుదారులు కారనీ, వారికి దివాలా ప్రక్రియ కోరే అర్హత లేదనీ సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో మాన్సీ బ్రార్ ఫెర్నాండెజ్ కేసులో తేల్చింది.

నగదు సంగతి కూడా చూడాలి. 20 వేల రూపాయలు గాని, అంతకు మించి గాని అప్పును నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో చాలాకాలంగా 269ఎస్‌ఎస్ పేరుతో తెలిసిన నిబంధన ఉంది. జరిమానా తీసుకున్నవారి మీదనే, అదీ తీసుకున్న మొత్తానికి సమానంగా. ఆ నిబంధనను ఉల్లంఘించినంత మాత్రాన అప్పు చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. అయితే 2 లక్షలు, అంతకు మించి నగదు ఇచ్చానని దావాలో చెబితే కోర్టు ఆ సంగతిని ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని అదే ఏడాది ఏప్రిల్‌లో ఆదేశించింది. బ్యాంకు ద్వారా ఇచ్చిన సొమ్ము తానే సాక్ష్యం చెబుతుంది. నగదుకు సాక్ష్యం వెతుక్కోవాలి.

గడువూ అంతే ముఖ్యం. ప్రోనోటు బాకీకి దావా వేసే గడువు మూడేళ్లు. రిజిస్టరు తనఖా మీద ఆస్తి నుంచి రాబట్టుకోవడానికి పన్నెండేళ్లు. ‘ఈ పండుగకు, వచ్చే పండుగకు’ అంటూ మర్యాద కోసం ఆగినవారి ప్రోనోట్లు పెట్టెలోనే కాలం చెల్లుతున్నాయి. గడువు లోపల బాకీదారు చేత రాతపూర్వకంగా బాకీ ఒప్పించుకుంటే గడువు కొత్తగా మొదలవుతుంది. ఒక్క సంతకంతో అయ్యే పని ఇది.

‘కాగితం అడిగితే బంధం తెగుతుంది’

ఇన్ని చెప్పినా వచ్చే అభ్యంతరం ఒకటే. మనవాళ్ల మధ్య కాగితాలేమిటి? రిజిస్ట్రేషనంటే ఖర్చు, పైగా నమ్మకం లేదన్నట్టు ఉంటుంది. ఖర్చు నిజమే, కాదనలేం. కానీ పోయే సొమ్ముతో పోల్చుకుంటే ఆ ఖర్చు ఎంత? ఇక నమ్మకం మాట. దివ్య ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు నమాజు గురించో, రోజా గురించో కాదు, అప్పు రాసుకోవడం గురించి. సూరా బఖరాలోని ఆ 282వ ఆయతు గడువు పెట్టుకున్న అప్పును రాయించమనీ, సాక్షులను పెట్టుకోమనీ, చిన్న మొత్తమైనా రాయడానికి బద్ధకించవద్దనీ చెబుతుంది. ఆ వెంటనే 283వ ఆయతులో తాకట్టు ప్రస్తావన వస్తుంది. 59వ సెక్షను రాత అడుగుతోంది, సాక్షులను అడుగుతోంది. పద్నాలుగు వందల ఏళ్ల నాటి ఆదేశానికీ, 1882 నాటి చట్టానికీ ఇక్కడ పేచీ లేదు. పేచీ మన మొహమాటంతోనే. వడ్డీ తీసుకోకుండా ఖర్జె హసనా ఇచ్చేవారికి కూడా తనఖా రాయించుకునే హక్కు ఉంది. తనఖా అసలును కాపాడుతుంది, వడ్డీని తెచ్చిపెట్టదు.

బాధ్యత అంతా సామాన్యుడి మీద మోపి చేతులు దులుపుకోవడం కూడా న్యాయం కాదు. ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాలను కొన్ని బ్యాంకులు ప్రతికూల ప్రాంతాలుగా గుర్తించాయని 2006లో సచార్ కమిటీ నమోదు చేసింది. వడ్డీ లేని బ్యాంకింగును పరిశీలించమని 2008లో రఘురామ్ రాజన్ కమిటీ సూచించింది. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకువెళ్లబోమని రిజర్వు బ్యాంకు 2017లో సమాచార హక్కు దరఖాస్తుకు జవాబిచ్చింది. తలుపులన్నీ మూస్తే జనం కిటికీల వెంట పోతారు. ఆ కిటికీల దగ్గరే హలాల్ బోర్డు పెట్టుకున్నవారు కాచుకుని ఉన్నారు.

అందువల్ల అడగవలసినవి కొన్ని ఉన్నాయి. అనుమతి ఉన్న, లేని డిపాజిట్ సంస్థల వివరాలు తెలుగులో, ఉర్దూలో ప్రతి సచివాలయంలో ప్రదర్శించాలి. వక్ఫ్ బోర్డు మన జిల్లాల ఆస్తుల జాబితాను సర్వే నంబర్లతో ఊరివారికి అందుబాటులో ఉంచాలి. మైనారిటీ ఆర్థిక సంస్థ అప్పులు ఇవ్వడంతో ఆగకుండా, వడ్డీ లేని రిజిస్టరు సహకార సంఘాలు పెట్టుకోదలచినవారికి చట్టపరమైన తోడ్పాటు అందించాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలు మస్జిదు కమిటీలతో కలిసి దస్తావేజుల మీద అవగాహన శిబిరాలు నడపాలి. మస్జిదు కమిటీలకు కూడా ఒక విన్నపం. జుమా తరువాత ప్రాంగణంలో ఏ పెట్టుబడి పథకాన్నీ పరిచయం చేయనివ్వకండి. మింబరుకు ఉన్న గౌరవాన్ని వ్యాపారికి అరువు ఇవ్వడమంటే జమాతు పొదుపును తాకట్టు పెట్టడమే. ఆ తాకట్టుకు ఏ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోనూ నమోదు లేదు.

భోగాపురంలో విమానాలు ఎగురుతాయి, మూలపేటలో ఓడలు ఆగుతాయి. ఆ సంపదలో మనవారికీ వాటా దక్కాలని కోరుకోవడం తప్పు కాదు. డబ్బు ఇచ్చే ముందు ఈసీ తీయించండి. నిషేధిత జాబితా చూడండి. వారసులందరి సంతకాలు అడగండి. సొమ్మును బ్యాంకు ద్వారా పంపండి. తనఖాను రిజిస్టరు చేయించండి. ఇవి అడిగినందుకు ఎవరైనా నొచ్చుకుంటే, ఆ సొమ్ము మీ దగ్గరే ఉండిపోవడం ఇద్దరికీ మంచిది.